పొట్టు తూకం

జీపు పైన పదకొండు సంచులున్నాయి. కానిస్టేబులు ఇనుప చువ్వతో ఒక్కొక్కటే పొడుచుకుంటూ వచ్చాడు. పదింటిలోంచి చువ్వ శుభ్రంగా బయటికొచ్చింది. పదకొండోదాన్ని పొడిచి లాగినప్పుడు కొసకి ఎండిన పచ్చటి పొట్టు అంటుకుని ఉంది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, కిందికి వంగి, "ఇదెవరిది?" అన్నాడు.

హంసాకి నవ్వొచ్చింది. పెళ్ళయి ఎనిమిది రోజులు. ఈ ఎనిమిది రోజులూ ఆమెకి దేనికైనా నవ్వొస్తూనే ఉంది. ముక్కుకున్న పెద్ద నత్తు పెదవికి తగిలితే నవ్వు. ఘాట్‌రోడ్డు మలుపుల్లో కైలాశ్ భుజం వచ్చి తన భుజానికి ఆనితే నవ్వు. రోడ్డు తిన్నగా అయ్యాక కూడా అతను భుజం తీసుకోకపోతే ఇంకా నవ్వు. ఒళ్ళో మాల్టా పండు పెట్టుకుని ఒలుస్తోంది. ఆ పుల్లటి వాసన జీపంతా నిండింది. "మాదే" అనబోయేలోగా కైలాశ్ దిగి, "నాది సార్" అన్నాడు.

చెక్‌పోస్టు గది ముందు ఎండలో కుర్చీ వేసుకుని ఎస్సై రౌతేలా ముల్లంగి ముక్కలు తింటున్నాడు. ఒడిలో స్టీలు పళ్ళెం, పళ్ళెంలో బూడిదరంగు చట్నీ. ఆ రంగు కొండమీద పుట్టినవాళ్ళెవరికైనా తెలుస్తుంది. గంజాయి మొక్కకి కాసే భంగు గింజలు, వేయించినవి, పచ్చిమిరప, నిమ్మరసం.

"ఏముంది ఇందులో?"

"భంగు గింజలు సార్. చట్నీకి," అన్నాడు కైలాశ్.

హంసా జీపులోంచే తల బయటపెట్టింది. "మీ పళ్ళెంలో ఉన్నదే సార్."

జీపులోవాళ్ళు గొల్లున నవ్వారు. డ్రైవరు కూడా నవ్వాడు. చువ్వ పట్టుకున్న కానిస్టేబులు నవ్వబోయి ఆగిపోయాడు. రౌతేలా పళ్ళెం కింద పెట్టి, రుమాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుని, సంచి మూతి విప్పించాడు. చెయ్యి లోపలికి పెట్టి పిడికెడు తీశాడు. సగం నల్లటి గింజలు. సగం ఎండి ముడుచుకున్న పూగుత్తులు, లోపల గింజలు అలాగే ఉన్నవి.

"గింజలైతే గింజలే ఉండాలి. ఈ గుత్తులేంటి?"

"వాటిలో కూడా గింజలే సార్. మా అమ్మ ఒకసారే కొడుతుంది. మిగతావి గుత్తుల్లోనే ఉంచితే చలికాలమంతా కమ్మగా ఉంటాయి. ఎప్పటికి కావలసినవి అప్పుడు నలుపుకుంటాం," అంది హంసా. ఇప్పుడు నవ్వడం లేదు.

లోయలో అందరూ చేసేది అదే. పూర్తిగా కొట్టి డబ్బాకెత్తితే మాఘమాసానికి గింజ మక్కిన వాసన వేస్తుంది. పుట్టింటినుంచి తిరిగివెళ్ళే పిల్లకి అలాంటివి ఎవరూ కట్టివ్వరు.

రౌతేలా సంచిని కాటాకి తగిలించాడు. ముల్లు ఆగేదాకా చూశాడు. "నాలుగు కిలోల ఇరవై. రాయి. గంజాయి, నాలుగు కిలోల ఇరవై గ్రాములు."

"గింజలు తీసేసి తూచండి సార్," అన్నాడు కైలాశ్. "పావు వంతు కూడా ఉండదు."

"దొరికింది దొరికినట్టు తూచాలి. విడదీశాననుకో, రేపు కోర్టులో నేనే సాక్ష్యం చెడగొట్టినవాణ్ణవుతాను."

జీపువాడు కాసేపు హారన్ కొట్టి, వీళ్ళ మిగతా సామాను దించేసి వెళ్ళిపోయాడు. ఉలవల మూట, నల్ల సోయా చిక్కుళ్ళ మూట, మాల్టా పళ్ళ బుట్ట, కొత్త ట్రంకుపెట్టె. వాటి మధ్య పెళ్ళినాటి పసుపుపచ్చ ముసుగు కప్పుకుని హంసా నిలబడింది. చేతిలో సగం ఒలిచిన పండు అలాగే ఉంది.

*

పోలీస్ స్టేషన్ కింది ఊళ్ళో ఉంది. అక్కడ రాతకోతలు చూసే మునిషీ పేరు పూరన్, యాభై దాటినవాడు. హంసాని ఇంటి కోడల్ని పిలిచినట్టు బ్వారీ అని పిలిచి, బల్ల జరిపి కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. కైలాశ్ చెప్పులు, బెల్టు, పెళ్ళికి పెట్టిన చేతిగడియారం తీయించి జాబితా రాశాడు.

"దాజ్యూ, అన్నలాంటివారు, మీరైనా చెప్పండి. మీ ఇంట్లో తినరా?" అంది హంసా.

"తినకపోతే ముద్ద దిగదు బ్వారీ. తినడం వేరు, రాయడం వేరు. రాసేశారు కదా."

"కొట్టేయండి."

"ఇక్కడ కొట్టివేతలుండవు. కొట్టేస్తే ఎందుకు కొట్టేశావని ఇంకో పేజీ రాయాలి."

కటకటాల అవతల కైలాశ్ నేలమీద కూర్చుని ఉన్నాడు. వెనక జుట్టు పిచ్చుక తోకలా లేచి ఉంది. పొద్దున బయల్దేరేటప్పుడు ఆమె మూడుసార్లు నీళ్ళు రాసి అణిచింది. అణిచినప్పుడల్లా లేచింది. ఇప్పుడూ అణచాలనిపించింది. చెయ్యి అందదు.

"హంసా, విను," అన్నాడు గొంతు తగ్గించి. "నన్ను పట్టుకుంది మధ్యాహ్నం పన్నెండుకి. నలభై ఎనిమిది గంటలు దాటి లోపలుంటే మా నీళ్ళ శాఖలో ఇంకేమీ అడగరు. సస్పెండయినట్టే లెక్క. పోయిన నెల ఒక పంపు ఆపరేటరుకి అలాంటి కాగితం నేనే టైపు చేశాను. నేను ఉద్యోగంలో చేరి ఇంకా ఎనిమిది నెలలే. పర్మనెంటు కాలేదు. నన్ను సస్పెండు కూడా చేయరు, తీసేస్తారు."

"రేపు కోర్టుకి తీసుకెళ్తారట కదా."

"రేపు శుక్రవారం. ఎల్లుండి రెండో శనివారం. రేపు కాకపోతే ఇక సోమవారమే."

ఆమె మాల్టా తొనలు ఒక్కొక్కటే చువ్వల మధ్యనుంచి ఇచ్చింది. అతను తిన్నాడు. గింజలు ఎక్కడ ఉమ్మాలో తెలియక గుప్పిట్లో పట్టుకున్నాడు.

"నేను నోరు మూసుకుని ఉంటే వదిలేసేవాడేమో," అంది.

"ఏమో," అన్నాడు కైలాశ్. కాదనలేదు. అది ఆమెని సాయంత్రందాకా పొడుస్తూనే ఉంది.

కోర్టు ఎదురుగా రేకుల గదిలో లోహనీ అనే ముసలి వకీలు దొరికాడు. అంతా విని, కళ్ళద్దాలు తీసి కళ్ళు నులుముకుని, కూతురికి చెప్పినట్టు చెప్పాడు. "చేలీ, చట్టంలో గంజాయి అంటే మొక్క పూగుత్తులు. గింజ గంజాయి కాదు, ఆకు కూడా కాదు. గుత్తులతో కలిసి లేకపోతే. ఆ చివరి మాట దగ్గరే మీ అమ్మ చిక్కుకుంది."

"మా అమ్మ చట్టం చదవలేదు."

"చదివినవాళ్ళు మాత్రం గింజలు దంచుతారా. ఇంకోటి విను. గుత్తులు కిలో లోపలుంటే చిన్న కేసు, బెయిలు హక్కు. కిలో దాటితే పదేళ్ళదాకా రాసుంది, బెయిలు జడ్జిగారి దయ. వీళ్ళు నాలుగు కిలోలు రాశారు."

"అందులో మూడు కిలోలు గింజలే."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు, రాసినవాడికీ తెలుసు. కాగితానికి తెలియాలి కదా."

ఇంతలో అమ్మ ఫోను. అవతల వాగు చప్పుడు. నార తీయడానికి నీళ్ళలో నానబెట్టిన భంగు కాడలు తిరగేస్తున్నట్టుంది. "గింజలకి పోలీసులేమిటే. నేనొచ్చి చెప్తాను, నేనే కట్టిచ్చానని."

లోహనీ చెయ్యి అడ్డంగా ఊపాడు. "రావద్దను. వస్తే ఆమె పేరు కూడా ఎక్కిస్తారు, సరఫరాదారని."

"ఇజా, నువ్వు రావద్దు," అంది హంసా. ఎందుకని అమ్మ అడిగింది. నిజం చెబితే నేరమవుతుందని ఎలా చెప్పాలో ఆమెకి తెలియలేదు. "దారి బాగాలేదు," అంది.

*

శుక్రవారం పదకొండుకి పిలుస్తామన్నారు. పిలిచేసరికి ఒంటిగంటన్నర. ఈలోగా హంసా నాలుగు గదులు తిరిగింది. సంచి ఎక్కడుందంటే ఆస్పత్రి పక్క గదిలో అన్నారు. అక్కడికెళ్తే కోర్టుకి పంపేశామన్నారు. కోర్టులో ఇంకా రాలేదన్నారు. చూస్తే అది చెట్టుకింద ఆగిన పోలీసు జీపులో ఉంది. దానిమీద కాలుపెట్టుకుని డ్రైవరు నిద్రపోతున్నాడు.

లోహనీ రెండే మాటలు చెప్పాడు. గింజలు వేరుచేసి, మిగిలిందే తూచాలి. తమ ముందే చేయించండి.

సర్కారు వకీలు యువకుడు, ఇస్త్రీ చొక్కా. "లాబుకి పంపుదాం సార్. నెలలో వస్తుంది."

"గింజలు ఏరడానికి లాబు దేనికి?" అన్నారు జడ్జిగారు. కాసేపు సంచి వైపు చూశారు. "ఎవరు చేస్తారు?"

"నేను చేస్తాను సార్," అంది హంసా. "గంటన్నర."

"కేసు సొత్తును నిందితుడి భార్య ముట్టుకోకూడదు," అన్నాడు సర్కారు వకీలు. ఆ మాట నిజమే. జడ్జిగారు తల ఊపారు.

చివరికి ఆడ కానిస్టేబులు పరమ్‌జీత్‌కి పడింది. తరాయి పల్లపు ఊరి పిల్ల, బలమైన చేతులు, పొట్టి జడ. "నేను గోధుమలు చెరిగాను కానీ, ఇది నాకు రాదు," అంది. హంసా చెప్పొచ్చు, తాకకూడదు అన్నారు జడ్జిగారు. బంట్రోతు వచ్చి సుద్దముక్కతో నేలమీద గీత గీశాడు. హంసా గీతకి ఇవతల. అవతల దుప్పటి, దుప్పటిమీద సంచి, టీ కొట్టునుంచి తెచ్చిన స్టీలు పళ్ళెం. కుర్చీల్లో రౌతేలా, సర్కారు వకీలు, సెల్‌ఫోనుతో వీడియో తీసే గుమాస్తా. గోడవారన బేడీలతో కైలాశ్.

"తలుపులు వేయండి, కిటికీలు కూడా మూయండి," అన్నాడు సర్కారు వకీలు. "పొట్టు ఎగిరిపోతే తూకం తగ్గుతుంది. మాకు నష్టం."

గాలి లేకుండా ఎవరైనా చెరుగుతారా అని హంసా అడగబోయింది. నిన్నటినుంచి ఆ నోటిని అదుపులో పెట్టుకుంటూనే ఉంది.

పరమ్‌జీత్ రబ్బరు తొడుగులతో ఒక గుత్తిని నలిపింది. గుత్తి జారిపోయింది. మళ్ళీ నలిపింది. నాలుగు గింజలు రాలాయి.

"తొడుగులు తీసెయ్ అక్కా. రబ్బరుకి గింజ తెలియదు."

"తీస్తే అరచేతికి జిగురంటుతుంది. అది కూడా సొత్తే," అన్నాడు సర్కారు వకీలు.

"ఈవిడ చేతులకి కూడా సీలు వేయమంటారా?" అన్నారు జడ్జిగారు. తొడుగులు పోయాయి.

"కింది అరచెయ్యి కదలనివ్వకు. పైదాన్నే తిప్పు. రొట్టెపిండి ఉండ చేసినట్టు. గట్టిగా కాదు, గింజ పగులుతుంది. ఆఁ, అలా." హంసా చేతులు గాల్లో తిరుగుతున్నాయి, మధ్యలో ఏమీ లేదు. గాజులు గలగలమంటున్నాయి. "ఇప్పుడు చప్పుడు విను. గరగర ఆగిపోతే గింజలన్నీ వచ్చేసినట్టు."

పరమ్‌జీత్ తలవంచి విన్నది. అరగంటయ్యేసరికి చప్పుడు ఆమెకి కూడా తెలిసింది. చెప్పకముందే ఆపుతోంది. ముక్కుమీద చెమట, దానిమీద పచ్చటి దుమ్ము.

చెరగడం దగ్గర చిక్కొచ్చింది. "గోధుమ అయితే ముందుకి విసురుతాం," అంది పరమ్‌జీత్.

"ఇది విసిరితే మొత్తం పోతుంది. నీ వైపుకి లాగు. మణికట్టు మాత్రమే. పళ్ళెం అంచు నీ కడుపుకి తగలాలి." హంసా తన కడుపుకి ఖాళీ చేతులు తాకించి చూపించింది. తెలియకుండానే కాలు గీతమీద పడింది.

"గీత," అన్నాడు రౌతేలా.

ఆమె కాలు వెనక్కి తీసుకుంది. నల్లగింజలు పళ్ళెం లోపలి అంచుకి చేరాయి, పొట్టు పైకి తేలి ముందుకొచ్చింది. కమ్మటి వాసన గదంతా పాకింది. గుమాస్తా గుటక వేయడం అందరికీ వినిపించింది.

మూడుంబావుకి పొట్టు కాటా ఎక్కింది. కిలో నలభై గ్రాములు.

సర్కారు వకీలు అంకె రాసుకున్నాడు. "కిలో దాటింది సార్."

"దానిలో ఇంకా గింజలున్నాయి," అంది హంసా. "నాకు కనిపిస్తున్నాయి. ఇక్కణ్ణుంచే కనిపిస్తున్నాయి."

"తూచిందాన్ని మళ్ళీ తూచడం ఉండదు. ఇలాగైతే కావలసిన తూకం వచ్చేదాకా తూస్తూనే ఉండాలి."

లోహనీ ఏదో అనబోయాడు, దగ్గొచ్చింది. జడ్జిగారు గడియారం చూశారు. హంసా కాటా ముల్లు వైపే చూసింది. నలభై గ్రాములు. ఒక గుప్పెడు. పది చట్నీ ముద్దలకి సరిపడేది. దాని అవతల పదేళ్ళు, ఇవతల ఇల్లు. కైలాశ్ కళ్ళు మూసుకుని గోడకి తల ఆనించాడు.

"సార్," అంది పరమ్‌జీత్. ఇంతసేపట్లో జడ్జిగారితో ఆమె మాట్లాడింది అదే మొదలు. "మొదటి అరగంట నాకు చేతకాలేదు. అప్పుడు నలిపినవి సరిగా రాలేదు. నా పని నేను పూర్తిచేయలేదు సార్. ఇది తూకం తప్పు కాదు."

రౌతేలా ఆమె వైపు తిరిగి చూశాడు. ఆమె తన అరచేతులు చూసుకుంటోంది. నల్లబడ్డాయి.

"పూర్తిచెయ్యి," అన్నారు జడ్జిగారు.

రెండోసారి హంసా ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. నాలుగుంబావుకి కాటా ముల్లు ఊగి ఊగి ఆగింది. తొమ్మిదివందల ముప్ఫై.

పొట్టుని తెల్లగుడ్డలో కట్టి, మూడుచోట్ల లక్క పోసి, ముద్ర కొట్టారు. ఏ ఇంట్లోనైనా పెరట్లోకి విసిరేసే పొట్టు. దాన్ని ఇద్దరు పోలీసులు చెరో చివర పట్టుకుని బీరువాలోకి మోశారు. మూడు కిలోల డెబ్భై గ్రాముల గింజలు దుప్పటిమీద కుప్పగా ఉండిపోయాయి. ఇవి సొత్తు కావు, రసీదు తీసుకుని ఇచ్చేయమన్నారు జడ్జిగారు.

ఆరింటికి కైలాశ్ సొంత పూచీమీద బయటికొచ్చాడు. నలభై ఎనిమిదిలో ఇంకా పద్దెనిమిది గంటలు మిగిలాయి. కేసు అలాగే ఉంది, జనవరిలో వాయిదా. గుడి పక్క సత్రం గదిలో హంసా అతని వెనకజుట్టు తడిపి అణిచింది. లేచింది. అతను నవ్వలేదు.

*

శనివారం పొద్దున గింజలు తీసుకోవడానికి స్టేషన్‌కి వెళ్ళారు. పూరన్ మునిషీ బల్లమీద సంచి పెట్టి, రసీదు రెండు ప్రతులు రాసి, ఒకటి ఆమెకి ఇచ్చాడు.

హంసా చదివింది. "ఇందులో నాకు ముట్టినట్టుంది దాజ్యూ. నేను తీసుకెళ్ళొచ్చని లేదు."

"అంటే?"

"ఇంటికెళ్ళేలోగా ఇంకా రెండు చెక్‌పోస్టులున్నాయి. అక్కడ మళ్ళీ చువ్వ పెడితే ఏం చూపించాలి? ఇవి గింజలు, నేరం కాదు అని ఒక కాగితం ఇవ్వండి."

"నేరం కానిదానికి కాగితం ఉండదు బ్వారీ. నేరానికే ఉంటుంది."

"ఇక్కడే వదిలేద్దాం హంసా," అన్నాడు కైలాశ్. చేతిగడియారం పెట్టుకుంటూ, తలెత్తకుండా. "నాకు వద్దు. ఇక ఆ చట్నీ నా గొంతు దిగదు."

హంసా సంచి వైపు చూసింది. అమ్మ వంగి వంగి కోసింది, ఎండబెట్టింది, కొట్టింది. వదిలేస్తే ఇవి ఏమవుతాయో హంసాకి తెలుసు. అది కళ్ళకి కనబడటానికి ఎంతోసేపు పట్టలేదు కూడా. పూరన్ సొరుగు లాగి, గుండుసూదుల డబ్బా బోర్లించి, ఖాళీ డబ్బా సంచి పక్కన పెట్టాడు.

"ఎటూ వదిలేస్తున్నారు కదా. ఇంట్లో నిమ్మకాయలున్నాయి."

చువ్వ కానిస్టేబులు తలకి చుట్టుకున్న మఫ్లరు విప్పి కొంగులా పట్టాడు. వంటమనిషి గ్లాసు తెచ్చాడు. లోపలిగదిలోంచి పరమ్‌జీత్ వచ్చింది, చేతిలో ఒక టిఫిన్ మూత. "ఎస్సైగారిది," అని బల్లమీద పెట్టింది, మొహం పక్కకి తిప్పుకుని.

హంసా సంచి మూతి విప్పింది. రెండు చేతులూ లోపల పెట్టింది. గింజలు చల్లగా, నున్నగా వేళ్ళసందుల్లోకి జారాయి. రెండు రోజుల తర్వాత మొదటిసారి తాకడం. ఒక్కక్షణం ఆమెకి అంతా మర్చిపోయి నవ్వొచ్చేట్టుంది. చేతులు తీసి, తన రసీదుని వెనక్కి తిప్పి మునిషీ ముందు పెట్టింది.

"తీసుకోండి దాజ్యూ. అందరూ తీసుకోండి. కాకపోతే దీనిమీద రాయండి. ఎవరు, ఎంత, దేనికి. సంతకం పెట్టండి."

"అదెందుకు?"

"పోలీసులే తీసుకెళ్ళారంటే ఇవి గింజలే అని తెలుస్తుంది కదా, ముందు చెక్‌పోస్టులో."

పూరన్ కలం అందుకున్నాడు. కాసేపు పట్టుకుని, దానికి మూత పెట్టి, జేబులో పెట్టుకున్నాడు. గుండుసూదుల్ని ఒక్కొక్కటే ఏరి మళ్ళీ డబ్బాలో వేయడం మొదలుపెట్టాడు. మఫ్లరు మెల్లగా తలమీదికి వెళ్ళింది. వంటమనిషికి పొయ్యిమీద పాలు గుర్తొచ్చాయి. లోపలిగదిలో కుర్చీ కిర్రుమంది. ఎవరూ బయటికి రాలేదు.

టిఫిన్ మూత ఒక్కటే బల్లమీద ఉండిపోయింది.

పరమ్‌జీత్ దాన్ని తీసి కిటికీలో పెట్టింది. ఓణీలాంటి తన నీలం శాలువా కొంగు పరిచింది. అరచేతుల గీతల్లో నిన్నటి నలుపు ఇంకా పోలేదు. "నాకు రెండు గుప్పెళ్ళు," అంది. "మా అమ్మకి చూపించాలి, ఇది కూడా చెరగడం వచ్చిందని."

హంసా మూడు గుప్పెళ్ళు పోసింది.

పరమ్‌జీత్ కొంగు ముడివేసి, పూరన్ జేబులోంచి కలం తానే లాగి, రసీదు వెనక వంగి రాసింది. భంగు గింజలు, మూడు గుప్పెళ్ళు, చట్నీకి తీసుకున్నాను. పేరు, నంబరు, తారీఖు.

"నీకేమైనా పిచ్చా," అన్నాడు పూరన్ గొంతు తగ్గించి, లోపలిగది వైపు చూస్తూ.

"ముద్ర ఎక్కడుంది మునిషీజీ?"

అతను కదల్లేదు. ఆమె సొరుగు లాగి, ముద్ర తీసి, దానిమీద ఒక్కసారి ఊది, కాగితంమీద గట్టిగా ఒత్తింది.

కైలాశ్ ఆ కాగితాన్ని మొదటినుంచి చివరిదాకా చదివాడు, రోజూ ఫైళ్ళు చదివేవాడు చదివినట్టు. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, సంచి భుజానికెత్తుకున్నాడు.